పడవ ట్రైలర్ ఎడమ హబ్ కాలిపోతోంది, గరగర చప్పుడు: గ్రీజు కొడితే సరిపోతుందా, బేరింగులు మార్చాలా?

పట్టుడు_పాకాల:
అన్నలకు, అక్కలకు నమస్తే. మాది పాకాల చెరువు పక్క ఊరు. ఎండాకాలం నీళ్లు తగ్గాక చేపల పట్టుడుకు వెళ్తాం. ఫైబర్ పడవ, వలలు, ఇంజను అన్నీ ట్రైలర్ మీద వేసి, బొలెరో వెనక తగిలించుకుని చెరువు చెరువుకు తిరుగుతాం. ట్రైలర్ సెకండ్ హ్యాండ్‌ది. ఒకటే ఇరుసు, 12 అంగుళాల రిమ్ములు, బ్రేకులు లేవు.

మొన్న లక్నవరం వైపు నుంచి వస్తుంటే చల్వాయి దాటాక ఎడమ చక్రంలో సన్నగా గరగర మొదలైంది. ములుగు దాటి గట్టమ్మ తల్లి గుడి దగ్గర ఆపి చూస్తే కుడి హబ్ (చక్రం మధ్యలో బేరింగులు కూర్చునే భాగం) గోరువెచ్చగా ఉంది, ఎడమ దాని మీద చెయ్యి నిలవడం లేదు. డస్ట్ క్యాప్ అంచు నుంచి తెల్లటి జిడ్డు కారి రిమ్ముకు అంటుకుంది. మెల్లగా నడుపుకుంటూ ఇల్లు చేరాం. పంచర్ షాపాయన "నిప్పల్ (గ్రీజు ఎక్కించే చిన్న మూతి) పెట్టి గన్నుతో గ్రీజు ఎక్కిస్తే అదే సర్దుకుంటుంది" అంటున్నాడు. వచ్చే వారం ధర్మసాగర్ వైపు పని ఉంది. ఏం చేయమంటారు?

కాజీపేట_రిటైర్డ్:
తమ్మీ, ముందు ఆ ట్రైలర్‌ను కదపకు. విప్పి చూసేదాకా పక్క ఊరికి కూడా తీసుకెళ్లొద్దు.

నా సర్వీసంతా కాజీపేటలో వ్యాగన్ల కిందే గడిచింది. రైల్వేలో దీన్ని హాట్ యాక్సిల్ అంటాం. యాక్సిల్ బాక్సు కాలుతోందని తేలిందంటే ఆ వ్యాగన్‌ను "సిక్" వేసి, రేక్ నుంచి విడదీసి సైడింగ్‌లో పెట్టేస్తాం. గ్రీజు కొట్టి పంపే పద్ధతి లేదు. ఎందుకంటే బేరింగ్ వేడెక్కిందంటే పాడవడం అప్పటికే మొదలైంది. వేడికి గ్రీజు పలచబడి కారిపోతుంది, గ్రీజు పోయిన కొద్దీ వేడి పెరుగుతుంది. చివరికి రోలర్లు ఇరుసుకు పట్టేస్తాయి, లేదా వాటిని వరసగా పట్టి ఉంచే కేజ్ విరిగి చక్రం ఊడుతుంది. వెనక బైక్ మీద ఎవరొస్తుంటారో మనకు తెలియదు కదా.

నువ్వు చూసిన తెల్ల జిడ్డే అసలు సాక్ష్యం. గ్రీజు తన రంగు పోయి తెల్లగా మారిందంటే అందులో నీళ్లు కలిసినట్టే. హబ్ వెనక నీరు రాకుండా, గ్రీజు పోకుండా ఆపే రబ్బరు రింగు, అంటే ఆయిల్ సీల్, పోయి ఉంటుంది.

పరకాల_ట్రాలీ:
పెద్దాయన చెప్పింది కాదనను. కానీ మా దగ్గర ట్రాక్టర్ ట్రాలీలు పొలాల్లో, వాగుల్లో దిగి ఇసుక, వడ్లు మోస్తాయి. హబ్బులు నీళ్లలో మునగడం రోజూ ఉండేదే. ఏడాదికోసారి గ్రీజు ఎక్కిస్తాం, మళ్లీ సీజన్ నడుస్తుంది. మరీ అంత టెన్షన్ అవసరమా?

నర్సంపేట_లేత్:
అన్నా, ట్రాలీ లెక్క వేరు, ఇది వేరు. ట్రాలీ టైరు చుట్టుకొలత సుమారు 2.8 మీటర్లు. ట్రాక్టరు 25 కి.మీ. వేగంతో పోతే చక్రం నిమిషానికి 150 చుట్లు తిరుగుతుంది. తమ్ముడి ట్రైలర్‌కు 12 అంగుళాల రిమ్ము. టైరుతో కలిపి చుట్టుకొలత 1.7 మీటర్ల లోపే. బొలెరో వెనక 60 కి.మీ. వేగంతో పోతే నిమిషానికి 590 చుట్లు. దాదాపు నాలుగింతలు. ట్రాలీలో పెద్ద బేరింగ్ మెల్లగా తిరుగుతుంది కాబట్టి కొంత నీరు, కొంత తుప్పు ఉన్నా ఓర్చుకుంటుంది. చిన్న బేరింగ్ అదే తుప్పుతో 60 మీద గంట సేపు తిరిగితే మిగలదు.

ఇక నిప్పల్ సంగతి. మామూలు హబ్‌కు మధ్యలో నిప్పల్ పెట్టి గన్ను కొడితే గ్రీజు మొదట హబ్ లోపలి ఖాళీలోకి పోతుంది. రోలర్ల సందుల్లో ఉన్న నీళ్లు, తుప్పు బయటికి రావు. ఇంకా కొడితే ఆ ఒత్తిడికి వెనక సీల్ బయటికి తన్నుకొస్తుంది. అప్పుడు నీళ్లకు ఇంకా పెద్ద దారి ఏర్పడుతుంది.

పట్టుడు_పాకాల:
అర్థమైందన్నా. ట్రైలర్ పక్కన పెట్టేశాం. విప్పడం మేమే చేసుకోవచ్చా? వీల్ పానా, జాకీ, కటింగ్ ప్లయర్ ఉన్నాయి.

నర్సంపేట_లేత్:
చేసుకోవచ్చు. ఒక్కసారి చేస్తే చెయ్యి తిరుగుతుంది.

పడవను ముందే దించేయండి. గట్టి నేల మీద పెట్టి, కుడి చక్రానికి ముందూ వెనకా రాళ్లు అడ్డం వేయండి. జాకీ కింద మందపాటి చెక్క పెట్టండి, లేదంటే బరువుకు దిగబడుతుంది. చక్రం పైకి లేచాక విప్పే ముందు రెండు పరీక్షలు. చక్రాన్ని చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి ఇరుసు మీద పెట్టండి, గరగర చెవికంటే ముందు వేళ్లకు తెలుస్తుంది. తర్వాత చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ముందుకు వెనక్కి ఊపండి. టకటకమని ఆడితే నట్టు వదులైందో, బేరింగ్ అరిగిందో.

చక్రం తీసి, డస్ట్ క్యాప్‌ను చుట్టూ కొద్దికొద్దిగా తట్టి తీయండి. లోపల స్ప్లిట్ పిన్ను, ఆ పిన్ను దూరే గాడులున్న క్యాసిల్ నట్టు, వాషరు ఉంటాయి. హబ్‌ను కొంచెం ముందుకు లాగితే ముందు బేరింగ్ చేతిలోకి వస్తుంది, కింద పడనీయకండి. వెనక బేరింగ్ ఆయిల్ సీల్ వెనక ఉంటుంది. సీల్ తీస్తే పాడవుతుంది, కొత్తది ఎలాగూ వేయాలి. ఎడమ, కుడి వైపుల సామాను కలిసిపోకుండా వేరువేరు డబ్బాల్లో పెట్టుకోండి.

పాత గ్రీజును కడిగేయకండి ముందే. వేళ్ల మధ్య నలిపి చూడండి. గరుకుగా ఉంటే ఇసుక. మెరిసే పొడి కనిపిస్తే లోహం అరిగి కలిసినట్టు. అప్పుడు బేరింగ్ మార్చక తప్పదు. చూశాక కిరసనాయిల్ గానీ డీజిల్ గానీ పోసి బ్రష్షుతో కడిగి, నూలు రాలని గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. పెట్రోలు వాడొద్దు. కంప్రెసర్ గాలి పట్టి బేరింగ్‌ను గిరగిరా తిప్పే అలవాటు చాలా షాపుల్లో ఉంది, అది అస్సలు చేయొద్దు. గ్రీజు లేకుండా ఆ వేగంతో తిరిగితే కేజ్ పగిలి రోలర్లు ముఖం మీదికి ఎగిరే ప్రమాదం ఉంది.

కడెం_గంగపుత్ర:
మా దగ్గర ఈ తిప్పలు తక్కువ. పుట్టి అయితే ఒక మనిషి నెత్తిన పెట్టుకుని కట్ట దాటిస్తాడు. కానీ ఫైబర్ పడవకు ట్రైలర్ తప్పదు. తమ్మీ, మీరు పడవ దించేటప్పుడు ట్రైలర్‌ను ఎంతవరకు నీళ్లలోకి తోస్తున్నారు?

పట్టుడు_పాకాల:
రేవు ఎక్కడుందన్నా! మత్తడి పక్కనో, కట్ట వాలు మీదనో దారి చూసుకుని వెనక్కి తోస్తాం. నల్లమట్టిలో చక్రాలు సగానికి పైనే మునుగుతాయి. వెళ్లగానే దించేస్తాం, పొద్దుపోతే వల వేయడం కుదరదు కదా.

ఎల్‌ఎండీ_కరీంనగర్:
దొరికింది చూడండి కారణం. "వెళ్లగానే దించేస్తాం" అన్నారు కదా, అసలు సమస్య అదే.

రోడ్డు మీద నడిచి వచ్చిన హబ్ వేడిగా ఉంటుంది, లోపలి గాలి వ్యాకోచించి ఉంటుంది. అలాగే చెరువులోకి తోస్తే హబ్ ఒక్కసారిగా చల్లబడుతుంది. వేడి చెంబును బోర్లించి నీళ్లలో పెడితే నీరు లోపలికి ఎలా లాక్కుంటుందో ఇదీ అంతే. 80 డిగ్రీల హబ్ 28 డిగ్రీలకు దిగితే లోపలి గాలి పీడనం దాదాపు ఏడో వంతు పడిపోతుంది. ఆ లోటు పూడ్చుకోవడానికి సీల్ పెదవి (ఇరుసును చుట్టి ఉండే అంచు) దగ్గర ఏ చిన్న సందు ఉన్నా అక్కడి నుంచి నీటిని పీల్చుకుంటుంది. సీల్ కొత్తదైనా సరే, ప్రతిసారీ ఇలా చేస్తే కొంచెం కొంచెంగా నీరు చేరుతూనే ఉంటుంది.

మేము మానేరు డ్యామ్ దగ్గర పడవ దించే ముందు కనీసం అరగంట ఆగుతాం. ఆ టైంలో తాళ్లు విప్పడం, ఇంజను బిగించడం, డీజిల్ పోయడం, లైఫ్ జాకెట్లు సర్దడం అన్నీ అయిపోతాయి. పనిని ఆ వరసలో పెట్టుకుంటే అరగంట వృథా అయినట్టే ఉండదు. ట్రైలర్ లైట్ల ప్లగ్ కూడా అప్పుడే పీకేయండి. వేడి బల్బు నీళ్లలో మునిగితే పగులుతుంది.

ఇంకో మాట. మధ్యలో టీకి ఆగినప్పుడల్లా రెండు హబ్బులూ ముట్టుకుని చూడండి. రెండూ ఒకేలా ఉండాలి. వేడి ఎంతన్నదాని కంటే రెండింటి మధ్య తేడా ముఖ్యం.

కాజీపేట_రిటైర్డ్:
చాలా బాగా చెప్పారు. చెయ్యి పెట్టేటప్పుడు అరచెయ్యి కాకుండా చేతి వెనక వైపు దగ్గరగా తీసుకెళ్లి చూడండి. కాలితే చెయ్యి దానంతట అదే వెనక్కి వస్తుంది. ఇప్పుడు గన్నులాంటి థర్మామీటర్లు అందరి దగ్గరా ఉన్నాయి, కరోనా తర్వాత ఇళ్లలోనూ కనిపిస్తున్నాయి. కానీ నుదురు చూసే రకం దీనికి పనికిరాదు, ఇండస్ట్రియల్ రకం తీసుకోండి. మెరిసే క్రోమ్ క్యాప్ మీద చూపిస్తే తక్కువ చూపిస్తుంది, హబ్ ఇనుము మీద చూపించండి.

మే నెలలో మన దగ్గర నీడలోనే 42 ఉంటుంది. బ్రేకులు లేని హబ్ 50, 55 చూపించినా నేను కంగారుపడను. ఒక వైపు 50, రెండో వైపు 70 ఉంటే మాత్రం ఆ సాయంత్రమే విప్పుతాను.

పట్టుడు_పాకాల:
ఈ రోజు విప్పాం. ఎడమ హబ్‌లో ముందు బేరింగ్ పైకి బాగానే ఉంది. వెనకది తీస్తుంటే పెరుగు రంగులో గ్రీజు, దాని కింద ఎర్రటి తుప్పు నీళ్లు. సీల్ పెదవి ఒక చోట చిరిగి ఉంది, లోపలి స్ప్రింగు తుప్పు పట్టి రెండు ముక్కలైంది.

కడిగాక ఒక విషయం కనిపించింది, ఇది ఏమిటో చెప్పండి. హబ్‌లో ఉండిపోయిన బయటి రింగు లోపలి వైపున సన్నని నల్లటి గీతలు ఉన్నాయి. అన్నీ ఒకే దూరంలో, నిలువుగా. గోరుతో గీస్తే కొన్ని గోరుకు తగులుతున్నాయి. వాటి మధ్యలో ఒక చోట గోధుమ గింజంత పెచ్చు లేచిపోయింది. రోలర్ల మీద కూడా రెండు మూడు మచ్చలున్నాయి.

నర్సంపేట_లేత్:
ఆ గీతల మధ్య దూరం కొలిచి, రోలర్ల మధ్య దూరంతో పోల్చు. సరిగ్గా కలుస్తుంది.

నీళ్లు చేరిన హబ్‌ను తిప్పకుండా నెలల తరబడి నిలబెడితే, ప్రతి రోలరు రింగును తాకిన గీత వెంబడి నీరు నిలిచి అక్కడే తినేస్తుంది. మీ ట్రైలర్ వానాకాలం అంతా ఎక్కడో కదలకుండా నిలబడింది. తర్వాత బండి నడిచినప్పుడు ఆ గీతల మీద రోలర్లు దొర్లి దొర్లి పగుళ్లు పెద్దవై పెచ్చు లేచింది. నీకు వినిపించిన గరగర ఆ పెచ్చు చప్పుడే.

గోరుకు తగిలిందంటే ఆ బేరింగ్ పనయిపోయింది. రింగు, రోలర్ల సెట్టు రెండూ మార్చాలి. కొత్త రోలర్ల సెట్టును పాత రింగులో వేయొద్దు. ముందు బేరింగ్ బాగుందన్నారు గానీ, అదే నీళ్లలో ఉంది కాబట్టి దాన్ని కూడా మార్చేయడమే మేలు. కుడి వైపు కూడా విప్పి చూడండి, గోరువెచ్చగా ఉందని వదిలేయకండి.

హన్మకొండ_స్పేర్స్:
మా స్పేర్ పార్ట్స్ కౌంటర్‌లో రోజూ ఇలాంటి వాళ్లు వస్తారు కాబట్టి కొనే విషయం చెప్తాను. షాపుకు వచ్చేటప్పుడు పాత బేరింగ్, పాత సీల్ రెండూ తీసుకురండి తమ్ముడూ. "బొలెరో ట్రైలర్ బేరింగ్" అని అడిగితే ఎవరికీ అర్థం కాదు. ఇక్కడ వెల్డింగ్ షాపుల్లో చేసిన ట్రైలర్లకు ఏ కారు హబ్ దొరికితే అది పెట్టేస్తారు.

రింగు అంచు మీద నంబరు చెక్కి ఉంటుంది. ఉదాహరణకు 30206 అని ఉంటే అది కోన్ ఆకారపు రోలర్లున్న టేపర్ బేరింగ్. చివరి రెండు అంకెలను 5తో హెచ్చిస్తే లోపలి రంధ్రం కొలత వస్తుంది. 06 అంటే 30 మిల్లీమీటర్లు. 30205 అయితే 25. బయటి కొలత 30206కి 62, 30205కి 52. తుప్పుకు నంబరు చెరిగిపోతే వెర్నియర్‌తో ఈ కొలతలు తీసుకుని వస్తే చాలు. సీల్ మీద కూడా మూడు కొలతలు వరసగా ఉంటాయి: లోపలిది, బయటిది, మందం. సీల్‌లో రెండు పెదవులది అడగండి. బయటి పెదవి బురదను ఆపుతుంది.

ఎన్‌బీసీ, ఎస్‌కేఎఫ్, టిమ్‌కెన్, ఏదైనా పరవాలేదు. కానీ ఈ పేర్ల మీదే నకిలీలు వస్తాయి. బిల్లు ఇచ్చే డీలర్ దగ్గరే కొనండి. పెట్టె మీది నంబరు, రింగు మీది నంబరు ఒకటేనా చూడండి. పక్క షాపులో సగం ధరకే ఇస్తానంటే అక్కడ కొనకండి.

పట్టుడు_పాకాల:
అక్కా, గ్రీజు ఏది తీసుకోవాలి? ఇంట్లో పసుపు రంగు చాసిస్ గ్రీజు డబ్బా ఉంది. అది నీళ్లకు పోదని అంటారు.

హన్మకొండ_స్పేర్స్:
నీళ్లకు పోదన్నది నిజమే, కానీ హబ్‌కు అది వద్దు. మామూలు చాసిస్ గ్రీజు చాలావరకు కాల్షియం రకం. అది 100 డిగ్రీల దరిదాపుల్లో కరిగి కారిపోతుంది. స్ప్రింగు పట్టీలకు, పిన్నులకు అది చాలు. లిథియం గ్రీజు 180 డిగ్రీల దరిదాపుల దాకా కరిగి కారదు, లిథియం కాంప్లెక్స్ అంతకంటే ఎక్కువ. డబ్బా మీద వీల్ బేరింగ్ గ్రీజు అనీ, ఎన్‌ఎల్‌జీఐ 2 అనీ ఉండాలి. ఆ 2 అనేది గట్టిదనం.

మీలా నీళ్లలో దించేవాళ్లకు కాల్షియం సల్ఫోనేట్ కాంప్లెక్స్ అని ఒక రకం ఉంది. వేడికీ ఆగుతుంది, నీళ్లకూ కొట్టుకుపోదు. ధర ఎక్కువ, ప్రతి షాపులో ఉండదు, ఆర్డర్ పెట్టాలి. నన్నడిగితే ఏడాదికి నాలుగు బేరింగులు మార్చే ఖర్చు కంటే ఆ డబ్బానే నయం.

ఏది వాడినా పాత గ్రీజు ఆనవాలు లేకుండా కడిగాకే పెట్టండి. రెండు రకాలు కలిస్తే ఒక్కోసారి రెండూ పలచబడి నీళ్లలా కారిపోతాయి.

కాజీపేట_రిటైర్డ్:
గ్రీజు పెట్టేటప్పుడు ఎడమ అరచేతిలో నిమ్మకాయంత ముద్ద పెట్టుకో తమ్మీ. బేరింగ్ వెడల్పు వైపు అంచును ఆ ముద్దకు గుచ్చి అరచేతి మడమ వైపు నొక్కు. పైనున్న సన్న వైపు నుంచి రోలర్ల మధ్యలో గ్రీజు పురుగుల్లా పైకి వచ్చేదాకా నొక్కాలి. తర్వాత కొంచెం తిప్పి పక్క సందు. చుట్టూ పూర్తయ్యాక రోలర్ల పైన కూడా పలచగా పూయి. పైపైన పూసిన బేరింగ్‌కు, ఇలా నింపిన బేరింగ్‌కు ఆయుష్షులో చాలా తేడా ఉంటుంది.

హబ్ లోపలి ఖాళీలో మూడో వంతు నుంచి సగం దాకా గ్రీజు చాలు. నిండా కుక్కితే తిరిగేటప్పుడు గ్రీజును చిలికినట్టయి అదే వేడి పుట్టిస్తుంది.

ఎల్‌ఎండీ_కరీంనగర్:
ఇక్కడ నాది వేరే అభిప్రాయం సార్. రైలుకు, కారుకు మీరు చెప్పిందే సరి. పడవ ట్రైలర్‌కు మాత్రం ఖాళీ ఎక్కువ వదిలితే లోపల గాలి ఎక్కువ ఉంటుంది. చల్లబడినప్పుడు కుదించుకునేది ఆ గాలే కదా. నేను దాదాపు నిండా పెడతాను. విదేశాల్లో పడవల ట్రైలర్లకు స్ప్రింగు ఉన్న క్యాపులు వాడతారు. అవి హబ్ నిండా ఉన్న గ్రీజును కొద్ది ఒత్తిడిలో ఉంచి నీటిని రానీయవు. ఇక్కడ ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, హబ్ రంధ్రం కొలతకు సరిపోవాలి.

కాజీపేట_రిటైర్డ్:
మీ వాదనలో బలముంది. స్ప్రింగు క్యాప్ ఉంటే నిండా పెట్టడం నేనూ ఒప్పుకుంటాను, అక్కడ ఒత్తిడికి ఒక అదుపు ఉంది. మామూలు డస్ట్ క్యాప్‌తో నిండా పెడితే వేడికి గ్రీజు పెరిగి సీల్‌ను తోస్తుంది. అప్పుడు సగం కంటే కొంచెం ఎక్కువ దగ్గర ఆగడం మంచిది. స్ప్రింగు క్యాప్ ఉన్నవాళ్లు కూడా గన్నుతో అదేపనిగా కొట్టకూడదు. స్ప్రింగు పలక కొద్దిగా కదలగానే ఆపేయాలి.

పట్టుడు_పాకాల:
ఇంకో చిక్కు వచ్చింది. ఇరుసు మీద సీల్ కూర్చునే చోట చుట్టూ గాడి పడి ఉంది, వేలికి తెలుస్తోంది. పైగా హబ్‌లో వెనక రింగు ఎంత తట్టినా రావడం లేదు.

నర్సంపేట_లేత్:
రింగు వెనక హబ్‌లో రెండు చోట్ల చిన్న గాడులు ఉంటాయి. ఇత్తడి కడ్డీ గానీ మెత్తటి ఇనుప కడ్డీ గానీ అక్కడ ఆనించి, ఒకసారి ఈ వైపు, ఒకసారి ఆ వైపు తట్టాలి. ఒకే వైపు కొడితే అడ్డంగా ఇరుక్కుంటుంది. అప్పటికీ రాకపోతే నా దగ్గరికి తీసుకురండి. రింగు లోపలి ముఖం మీద చుట్టూ ఒక వెల్డింగ్ గీత లాగుతాను. వెల్డింగ్ చల్లారేటప్పుడు రింగు కుంచించుకుపోతుంది, హబ్‌ను బోర్లిస్తే దానంతట అదే జారి పడుతుంది. పాత రింగు ఎలాగూ పారేసేదే కదా.

కొత్త రింగును ఒక రాత్రి ఫ్రీజర్‌లో పెట్టండి. హబ్‌ను ఎండలో పెట్టండి, మన ఎండ చాలు. పాత రింగును అంచు కొంచెం అరగదీసి పైన పెట్టి, దాని మీద తట్టితే కొత్తది దెబ్బ తినకుండా కూర్చుంటుంది. అడుగుకు తగిలినప్పుడు సుత్తి చప్పుడు మారుతుంది, అక్కడ ఆపాలి.

ఇరుసు గాడి గురించి: గాడి ఉండగా ఎంత మంచి సీల్ వేసినా నీరు ఆగదు. లోతు తక్కువైతే సన్న ఎమరీ పేపరుతో చుట్టూ నున్నగా చేసి, సీల్‌ను రెండు మిల్లీమీటర్లు ముందుకో వెనక్కో కూర్చోబెట్టి పెదవి కొత్త చోట పడేలా చేయవచ్చు. గోరు దిగేంత లోతుంటే పలచటి స్టీల్ స్లీవ్ (గొట్టం లాంటి తొడుగు) ఎక్కించాలి. సీల్ బిగించేటప్పుడు స్ప్రింగు ఉన్న వైపు హబ్ లోపలికి, గ్రీజు వైపు ఉండాలి. పెదవికి ముందే గ్రీజు రాయండి.

పరకాల_ట్రాలీ:
చివర్లో నట్టు మాత్రం గట్టిగా బిగించండి. వదులుంటే చక్రం ఊగుతుంది.

నర్సంపేట_లేత్:
అన్నా, అలా చెప్పొద్దు. కొత్త బేరింగులు ఎక్కువగా పోయేది ఈ ఒక్క చోటే.

టేపర్ బేరింగ్‌కు కొంచెం ఆట, అంటే కదలడానికి సన్న సందు, ఉండాలి. చక్రాన్ని చేత్తో తిప్పుతూనే పానాతో నట్టు గట్టిగా బిగించాలి, దాదాపు 65, 70 న్యూటన్ మీటర్లు. ఇది రోలర్లు, రింగులు సరిగ్గా కూర్చోవడానికి మాత్రమే. తర్వాత నట్టు పూర్తిగా వదులు చేసి, ఈసారి పానా లేకుండా వేళ్లతో మాత్రమే బిగించాలి. వేళ్లకు ఆగిన చోట స్ప్లిట్ పిన్ను రంధ్రం ఎదురు రాకపోతే వెనక్కి వదలాలి, ముందుకు బిగించకూడదు. అప్పుడు ఆట మిల్లీమీటరులో పదో వంతు దగ్గర ఉంటుంది. చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే ఉందా లేదా అన్నట్టు తెలియాలి. పానాతో బిగించి వదిలేస్తే వేడికి ఇరుసు, రోలర్లు వ్యాకోచించి, ఆట లేక బేరింగ్ మొదటి ప్రయాణంలోనే కాలిపోతుంది.

స్ప్లిట్ పిన్ను ప్రతిసారీ కొత్తది. పాతది సాగదీసి వేయొద్దు, దాని బదులు తీగ ముక్క అసలే వద్దు.

పరకాల_ట్రాలీ:
ట్రాలీకి పెద్ద నట్టు, మెల్లగా నడిచే బండి కాబట్టి మేం పానాతోనే బిగించి వదిలేస్తాం. కారు వేగానికి మీరు చెప్పిన పద్ధతే సరైంది, ఒప్పుకుంటున్నా.

మోరంచ_వాగు:
ఈ చర్చ మొత్తం చదివాను. మాది భూపాలపల్లి జిల్లా. 2023 జూలైలో వరద ఎలా వచ్చిందో ఇక్కడ అందరికీ గుర్తుండే ఉంటుంది. ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్లు పడింది. మోరంచపల్లి మునిగి జనం ఇళ్లపైకి ఎక్కారు, హెలికాప్టర్లు, పడవలు వచ్చి బయటికి తెచ్చాయి. అప్పటి నుంచి మా ఊరి యువకులం ఒక పడవ, ట్రైలర్ పెట్టుకున్నాం. మాది రోజూ నడిచే బండి కాదు. నెలలు నిలబడే ఉంటుంది, అవసరమైన రాత్రి మాత్రం ఆగకుండా పోవాలి. లేత్ అన్న చెప్పిన ఆ నల్లగీతలు మా ట్రైలర్‌కు రాకుండా ఏం చేయాలి?

నర్సంపేట_లేత్:
మంచి ప్రశ్న అన్నా, మీకే ఇది ఎక్కువ అవసరం.

ఇరుసు కింద స్టాండు పెట్టి చక్రాలు నేలకు తగలకుండా నిలపండి. టైర్లూ బాగుంటాయి. పది పదిహేను రోజులకోసారి ఎవరో ఒకరు వెళ్లి రెండు చక్రాలూ కొన్ని చుట్లు తిప్పితే రోలర్లు కొత్త చోట ఆగుతాయి, గ్రీజు మళ్లీ పూసుకుంటుంది. నీళ్లలో దిగి వచ్చిన ట్రైలర్‌ను మాత్రం అలాగే షెడ్‌లో పెట్టొద్దు. ఆ వారంలోనే ఒక డస్ట్ క్యాప్ తీసి గ్రీజు రంగు చూడండి. తెల్లబడితే విప్పాల్సిందే. ఏమీ కనిపించకపోయినా మృగశిర కార్తెకు ముందే ఏడాదికోసారి విప్పి కడిగి గ్రీజు మార్చండి.

ఎల్‌ఎండీ_కరీంనగర్:
దీనికి తోడు ఒక స్పేర్ హబ్ సిద్ధంగా ఉంచుకోండి. రింగులు కొట్టి, బేరింగులకు గ్రీజు పెట్టి, సీల్ వేసి, పాలిథిన్ కవర్‌లో గట్టిగా చుట్టి బండిలోనే పెట్టండి. అర్ధరాత్రి వానలో టార్చి వెలుగులో బేరింగ్ కడుగుతూ కూర్చోలేరు. హబ్‌కు హబ్ మార్చడం మాత్రం ఇరవై నిమిషాల పని. దాంతోపాటు స్ప్లిట్ పిన్నులు, నట్టు, వాషరు, జాకీ కింద పెట్టే చెక్క ఒకే డబ్బాలో ఉండాలి.

మోరంచ_వాగు:
ఈ ఆదివారమే స్టాండ్లు చేయిస్తాం. స్పేర్ హబ్ ఆలోచన మాకు రాలేదు. చాలా థాంక్స్ అన్నలూ.

పట్టుడు_పాకాల:
పని పూర్తయింది. ఎడమ హబ్‌లో రెండు బేరింగులు, రింగులు, రెండు పెదవుల సీల్ కొత్తవి వేశాం. వెనక రింగు వెల్డింగ్ గీతతోనే వచ్చింది, బోర్లించగానే టక్కున పడింది. ఇరుసు మీద స్లీవ్ ఎక్కించాం. కుడి వైపు విప్పితే గ్రీజు తెల్లబడలేదు గానీ నల్లగా గట్టిపడి ఉంది. రింగుల మీద గీతలు లేవు. అక్క చెప్పినట్టు నంబర్లు సరిచూసుకుని కొన్నాం. కుడి వైపు పాత బేరింగులే కడిగి, కొత్త గ్రీజుతో, కొత్త సీల్‌తో పెట్టాం.

ధర్మసాగర్ వెళ్లొచ్చాం. ముందు ఖాళీ ట్రైలర్‌తో కొంత దూరం నడిపి చూసి, తర్వాత పడవ ఎక్కించాం. దారిలో ఆగి చూస్తే ఎడమ 47, కుడి 46. చెరువు దగ్గర అరగంట ఆగాకే దించాం. మా వాళ్లు మొదట విసుక్కున్నారు, కానీ ఆ లోపు వలలు సర్దుకోవడం అయిపోయింది. ఇప్పుడు ఒకే అనుమానం. ఎడమ డస్ట్ క్యాప్ కొంచెం వదులుగా కూర్చుంటోంది, తట్టిన చోట అంచు వంగింది. సిలికాన్ పూసి బిగించవచ్చా?

హన్మకొండ_స్పేర్స్:
సిలికాన్ పూస్తే ఈసారికి ఆగుతుంది గానీ, ప్రతిసారీ గీకి తీయాలి. గీకిన ముక్కలు బేరింగ్‌లో పడతాయి. క్యాప్ కొత్తది వేయండి తమ్ముడూ, తక్కువ ధరకే వస్తుంది. హబ్ నోటి లోపలి కొలత వెర్నియర్‌తో తీసి ఇక్కడ పెట్టండి, ఆ సైజు ఉందో లేదో చూసి చెప్తాను.

పట్టుడు_పాకాల:
రేపు పొద్దున కొలిచి పెడతానక్కా. స్పేర్ హబ్‌కు కూడా ఒకటి కావాలి, రెండు పక్కన పెట్టండి.